రంగు ముందా, పీఠం ముందా?

రాత్రి భోజనాలు ముగిసిన తరువాత ఇంగ్లండులో ఏదో ఒక ఊరి ఇంట, వంటగది బల్లమీద పాత వార్తాపత్రిక పరచి ఉంటుంది. దానిమీద బొటనవేలి పైకణుపంత ఎత్తున్న లోహపు సిపాయిలు ఇరవై నలుగురు బారులు తీరి నిలిచి ఉంటారు. వారికింకా కన్నుముక్కుతీరు లేదు. తొడుగుకు రంగు లేదు. ఏ రాజు దండులోనివారో పోల్చుకునే ఆనవాలు లేదు. పక్కన రెండు సీసాలున్నాయి. ఒకదానిలో రంగు, రెండవదానిలో జిగురు. బల్లముందు కూర్చున్న పెద్దమనిషి పగలంతా బ్యాంకులో లెక్కలు చూసి వచ్చినవాడు కావచ్చు, బడిలో పాఠాలు చెప్పి వచ్చినవాడు కావచ్చు. ఏ సీసా మూత ముందు తీయాలో తేలక ఆయన చాలాసేపటినుంచి తటపటాయిస్తున్నాడు.

బొమ్మకు రంగు వేసి పీఠంమీద నిలపడమా? పీఠంమీద నిలిపి రంగు వేయడమా? కొత్తవారికి ఇది విత్తు ముందా, చెట్టు ముందా అనే పాత వాదానికి తమ్ముడిలా కనిపిస్తుంది, నవ్వు పుట్టిస్తుంది. కాని పది మంది యుద్ధక్రీడాభిమానులు కూడినచోట ఈ ప్రశ్న వేస్తే ఆ సాయంకాలం ఆట సాగదు. ఎందుకంటే దీని వెనుక ఒక్కొక్కరి జీవితంలో కొన్ని వందల రాత్రులున్నాయి. తప్పు వరుసలో పని మొదలుపెట్టిన కారణంగా సగంలో విసిగి, అటకమీదికి చేరిన పటాలాలు ఎన్నో.

యుద్ధక్రీడ అంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుకోవాలి. పెద్ద బల్లమీద కొండలు, వాగులు, పొలాలు అమర్చి, ఇరుపక్షాల సేనలను చిట్టిబొమ్మలుగా నిలిపి, కొలబద్దతో నడకలు కొలుస్తూ, పాచికలతో కాల్పుల ఫలితాలు తేలుస్తూ ఆడే ఆట ఇది. బొమ్మల ఎత్తు 6 మిల్లీమీటర్లనుంచి 54 మిల్లీమీటర్లదాకా ఉంటుంది. ఈనాడు ఎక్కువగా వాడుకలో ఉన్నది 28 మిల్లీమీటర్ల బొమ్మ. అవి తెల్లలోహంలోనో ప్లాస్టిక్కులోనో పోతపోసి, రంగు లేకుండానే అమ్ముడవుతాయి. రంగు వేసుకోవడం, కాళ్లకింద పీఠం అమర్చుకోవడం కొన్నవారి పని. ఆ పీఠం ఒక నాణెం కావచ్చు, అట్టముక్క కావచ్చు, పలుచని చెక్కబిళ్ళ కావచ్చు. బొమ్మ పడిపోకుండా నిలబెట్టడం దాని మొదటి విధి. రెండవ విధి అంతకంటె ముఖ్యమైనది: యుద్ధభూమిమీద ఆ సైనికుడు ఎంత చోటు ఆక్రమిస్తాడో ఆట నియమాల ప్రకారం చెప్పేది పీఠమే. ఈ రెండవ విధిని పాఠకులు గుర్తుంచుకోవాలి. తగవు తీర్పు దీనిలోనే ఉంది.

పూర్వం ఈ తగవు లేదు. భారతదేశంలో పుట్టిన చతురంగంలో ఏనుగైనా భటుడైనా అడుగుభాగంతో సహా ఒకే ముక్క. ఆ చదరంగాన్ని పెంచి, 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు ఒక యుద్ధపుటాట కల్పించాడు. తరువాత ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే తండ్రి 1812 ప్రాంతంలో రాజుగారికి ఇటువంటి ఆటనే తయారుచేసి చూపగా, అతని కుమారుడు 1824లో దానికి కట్టుదిట్టమైన నియమాలు రాసి సైన్యానికి అందించాడు. ఆ ఆటలో దళాలంటే పటంమీద జరిపే ఎరుపు, నీలి దిమ్మలు మాత్రమే. దిమ్మకు ముఖం లేదు, కాళ్లు లేవు. అందుచేత చిక్కూ లేదు.

1893లో లండనులో విలియం బ్రిటన్ అనే బొమ్మల తయారీదారు సీసపు సిపాయిని లోపల గుల్లగా పోతపోసే పద్ధతి కనిపెట్టాడు. సీసం ఖర్చు తగ్గింది, ధర తగ్గింది, ఇంటింటా పటాలాలు వెలిశాయి. ఈ బొమ్మలు పీఠంతో కలిసి పోతపోసినవి. కర్మాగారంలోనే రంగు పూసి, పెట్టెలలో పెట్టి అమ్మినవి. హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకాన్ని 1913లో వెలువరించినప్పుడు ఆయన ఇంటి నేలమీద యుద్ధం చేసినవి ఇటువంటి సిపాయిలే. చిన్న ఫిరంగిలోనుంచి కొయ్యగుండు పేల్చి బొమ్మను పడగొడితే సైనికుడు చచ్చినట్లు లెక్క. కనుక వెల్స్‌కు పీఠం విషయంలో కావలసింది ఒక్కటే: గుండు తగిలేదాకా నిలబడాలి, తగలగానే పడిపోవాలి. నిజమైన యుద్ధానికి బదులు ఈ బొమ్మల యుద్ధం చాలునని వాదించిన ఆయన పుస్తకం వచ్చిన మరుసటి ఏటనే మొదటి ప్రపంచయుద్ధం మొదలయింది.

రంగు లేని బొమ్మలు విరివిగా రావడం రెండవ ప్రపంచయుద్ధం తరువాతి మాట. కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ తక్కువ ధరకు లోహపు బొమ్మలు పోతపోసి అమ్మాడు; యుద్ధక్రీడకే అంకితమైన ఒక పత్రికను 1957లో ప్రారంభించాడు. ఇంగ్లండులో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో రాసిన ‘వార్ గేమ్స్’ అనే పుస్తకం ఒక తరాన్ని ఈ ఆటలోకి దింపింది. చౌకగా దొరికే ఎయిర్‌ఫిక్స్ వారి మెత్తని ప్లాస్టిక్కు బొమ్మలు పిల్లలకు అందుబాటులోకి వచ్చాయి. వాటి తుపాకులు వంగినప్పుడల్లా వేసిన రంగు పెచ్చులూడేది, అది వేరే కథ. 1980ల నడుమ మరొక మార్పు వచ్చింది. పాదాల అడుగున ఒక నాలుక వంటి పట్టీ ఉంచి, దాన్ని వేరుగా పోసిన ప్లాస్టిక్కు పీఠం చీలికలోకి దిగవేసే పద్ధతి వ్యాపించింది. అంతటితో బొమ్మ వేరు, పీఠం వేరు అయ్యాయి. తగవు అక్కడ ముదిరింది.

పీఠమే ముందు అనేవారి వాదం గట్టిదే. ఇంత చిన్న వస్తువును దేనితో పట్టుకోవాలి? వేళ్ల చెమట, జిడ్డు రంగుకు శత్రువులు. ఎత్తుగా ఉన్న ముక్కు, మోచేయి, టోపీ అంచు వంటి తావులలో రంగు ముందు చెదిరిపోతుంది. పీఠం ముందే ఉంటే దాన్ని పట్టుకుని పని చేయవచ్చు, బొమ్మను తాకనక్కరలేదు. పైగా లోహానికి లోహం అతికినంత గట్టిగా రంగుమీద రంగు అతకదు. జిగురు పట్టు నిజానికి కింది పూత పట్టు మాత్రమే. పీఠంమీద ఇసుక చల్లి అతికించి, ఆరిన తరువాత బొమ్మకూ నేలకూ కలిపి తొలిపూత వేస్తే ఇసుక కూడా కదలకుండా బిగుస్తుంది. ఆ పైన నేలకు ముదురు రంగు పూసి, కుంచెలోని రంగును గుడ్డకు తుడిచివేసి, ఆ పొడికుంచెతో లేతరంగు నేలమీద రుద్దితే ఇసుకరేణువుల తలలు తేలికగా మెరుస్తాయి. అటుతరువాత బూట్లకు రంగు వేస్తారు. ఈ వరుస తారుమారైతే, శ్రమపడి నల్లగా మెరిపించిన బూట్లు దుమ్మురంగుకు తిరుగుతాయి.

తొలిపూత అన్నది తెలుగువారికి కొత్త కాదు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో చెక్కిన అంగాలను చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపుచేసి, సున్నపు పూత ఆరిన తరువాతనే రంగుకుంచె ముట్టుకుంటారు. అంబారీ ఏనుగుకు మావటిని ముందే అతికి రంగు వేస్తారు. కర్ర చెక్కే చేయి, రంగు వేసే చేయి అక్కడ పక్కపక్కనే ఉంటాయి; కుంచె దూరనంత ఇరుకు బొమ్మలో రాకుండా చెక్కేవారే చూసుకుంటారు. పటాలపు సిపాయికి ఆ అదృష్టం లేదు. శిల్పి ఎక్కడో, అచ్చు ఎక్కడో, కుంచె పట్టినవాడు ఎక్కడో.

రంగు ముందు అనేవారు ఇక్కడే పట్టుకుంటారు. ఒంటరి సైనికుడి సంగతి సరే. కాని నలుగురు భుజం భుజం రాసుకుంటూ ఒకే పీఠంమీద నిలిచినప్పుడు నడుమ ఇద్దరి పక్కతొడలకు, డాలు లోపలివైపుకు, ఛాతీమీద అడ్డంగా వచ్చే తోలుపట్టెడకు కుంచె ఎట్లా చేరుతుంది? చేరబోతే పక్కవాడి మోచేతికి అంటుతుంది. అంటినదాన్ని దిద్దబోతే మరొకటి చెడుతుంది. ఈ పక్షంవారు బొమ్మలను ముందుగా తాత్కాలికంగా నిలుపుకుంటారు: సీసా బిరడామీద ఒకటి, లేదా ఐస్‌క్రీము పుల్లమీద చిన్న జిగురుబొట్లతో ఎడమెడంగా నాలుగైదు. అన్నింటికీ రంగు అయ్యాక పుల్లమీదినుంచి సున్నితంగా ఊడదీసి, అసలు పీఠంమీదికి చేరుస్తారు.

కుంచె చేరనిచోటికి కన్నుమాత్రం చేరుతుందా అని మొదటి పక్షంవారి ఎదురుప్రశ్న. ఇది సగం నిజం. 6 మిల్లీమీటర్ల బొమ్మలు చాలావరకు ఒక్క పట్టీగా పోతపోసి వస్తాయి; బల్లకు మూడడుగుల దూరంలో నిలబడినవాడికి అవి రంగుల గీత మాత్రమే. వాటికి పీఠం ముందైనా నష్టం లేదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ అట్లా కాదు. దాన్ని పైనుంచి, వెనుకనుంచి, ఏటవాలుగా చూస్తారు. డాలు వెనుక వదిలేసిన తెల్లని మచ్చ ఒక్కసారి కంటబడితే ఇక ఎప్పటికీ కంటబడుతూనే ఉంటుంది. ఇంతకూ ఆటలో ఎవరి సైన్యం వీపు వారే చూస్తారు. ముఖాలు చూసేది శత్రువు. అయినా రాత్రులన్నీ మీసాలు దిద్దడంలో గడిపి, వీపుమీది సంచీకి ఒక్క పూతతో సరిపెట్టేవారే ఎక్కువ.

ఈ వాదాన్ని గాలిలో సాగించడంకంటె ఒక సేనను తీసుకుని చూడడం మేలు. పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల, ఫ్రెంచి పోరాటాలు యుద్ధక్రీడలో ఆదరణ ఉన్న రంగం. వాటిలో ఒకటి తెలుగు నేలమీద జరిగింది. 1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువనున్న చందుర్తి వద్ద, విజయనగర ప్రభువు ఆనందగజపతి పిలుపుమీద బెంగాలునుంచి వచ్చిన కర్నల్ ఫోర్డ్, ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఫోర్డ్ వద్ద సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1900 మంది సిపాయిలు ఉన్నట్లు చరిత్రకారులు చెబుతారు. గజపతి బలగం వీరికి అదనం.

ఈ యుద్ధాన్ని గెలిపించిన వాటిలో ఒకటి చొక్కా రంగు. ఫోర్డ్ సిపాయిలు ఐరోపా పటాలంవలెనే ఎర్రచొక్కాలు తొడిగి ఉన్నారు. దక్షిణాదిన సిపాయిలకు ఎరుపు తొడగడం అంతగా చూడని ఫ్రెంచివారు, ఎర్రగా కనిపించిన సిపాయి వరుసను ఆంగ్లేయుల ఐరోపా పటాలమనుకొని తమ బలమంతా దానిమీదికి మళ్ళించారు. సిపాయిలు వెనుదీశారు. గెలిచామన్న ఉత్సాహంతో ఫ్రెంచివారు వరుసతప్పి తరుముతుండగా, నిలువెత్తు పైరు చాటున ఉన్న అసలు ఐరోపా పటాలం పక్కనుంచి వెలువడి కాల్పులు జరిపింది. రంగు చేత మోసపోయి, నిలిచినచోటు చేత దెబ్బతిన్నారు.

ఒక చిన్న విశేషం. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారు. తెలుగు, మద్రాసు ప్రాంతాలనుంచి వెళ్లిన మొదటి సిపాయిలవల్ల వచ్చిన పేరది. ఆ పేరు మోసే బెంగాలు పటాలం తెలుగుదేశానికే వచ్చి పోరాడింది.

ఇప్పుడు ఈ సేనను బల్లమీదికి తెద్దాం. ఒక్క బొమ్మ ఇరవైమందికి గుర్తు అనుకుంటే సిపాయిలు సుమారు తొంబైయైదుగురు, ఐరోపావారు ఇరవై నలుగురు కావాలి. పీఠానికి నలుగురు చొప్పున ఇరుపక్షాలనూ కలిపితే ముప్పై పీఠాలు, ఇవన్నీ ఎరుపే. మోసం బల్లమీద కూడా సాగాలంటే సిపాయి ఎరుపు, ఐరోపావాడి ఎరుపు ఒకే ఎరుపై ఉండాలి. ఒకే సీసాలోది, ఒకే పలుచనతో కలిపినది కావాలి. పీఠాలు ముందు కట్టి నెలకు రెండేసి చొప్పున రంగు వేసుకుంటూపోతే, పదిహేను నెలలు తిరిగేటప్పటికి తొలి పీఠం ఇటుకరంగులో, చివరి పీఠం కుంకుమరంగులో తేలుతుంది; ఎదుటి ఆటగాడు మోసపోడు. పుల్లలమీద బొమ్మలను బారులుగా నిలిపి, ఒక ఆదివారమంతా చొక్కాలే, మరొక ఆదివారమంతా ముఖాలే వేస్తూ పోయినవాడికి ఈ బాధ లేదు. విసుగు మాత్రం ఉంది. తొంబైయైదు చొక్కాలు వరుసగా వేయడం తపస్సు వంటిది. మధ్యలో లేచిపోయినవారే హెచ్చు. అందుకని అనుభవజ్ఞులు ఇరవై నలుగురిని మించి ఒక విడతలో పెట్టుకోరు. ఎరుపును మాత్రం అందరికీ సరిపడా ముందే కలిపి గాలి చొరని సీసాలో ఉంచుకుంటారు.

పాదాల సంగతి కూడా ఉంది. ఆ కాలపు సిపాయి బొమ్మ పొట్టిలాగుతో, వట్టికాళ్లతోనో చెప్పులతోనో ఉంటుంది. గోధుమరంగు పాదం గోధుమరంగు నేలమీద నిలిస్తే కాలు ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలయిందో తెలియదు. నల్లబూట్ల ఐరోపావాడికి ఈ చిక్కు లేదు. సిపాయిని పీఠంమీద అతికి, మడమదాకా మెత్తని పూరకంతో నేల ఎత్తుచేసి, దానికి రంగు వేసిన తరువాతనే పాదంమీద చివరి లేతరంగు గీత దిద్దాలి. అంటే రంగు ముందు అనేవాడు కూడా చివరికి కుంచె మళ్లీ పట్టక తప్పదు. ఇక నిలువెత్తు పైరు: కొబ్బరిపీచుతో నేసిన కాళ్లపట్టాను ముక్కలుగా కోసి పొలాలుగా అమర్చడం యుద్ధక్రీడాకారుల పాత ఉపాయం. దాని వెనుక నిలిచిన ఐరోపా పటాలం నిజంగానే కనిపించదు.

ఇంతవరకు చెప్పినదంతా చేతికందే సౌకర్యాన్ని గురించి. కాని ఈ తగవులో ఎక్కువమంది గమనించని సంగతి మరొకటుంది. చొక్కా రంగును నిర్ణయించినది చరిత్ర. 1758లో ఎరుపు తొడిగినవాడు ఎన్నేళ్లయినా ఎరుపులోనే ఉంటాడు. పీఠం కొలతను నిర్ణయించినది ఆట నియమం. ఆట నియమాలు రాసేవారు మనుషులు. వారి మనసు మారుతూ ఉంటుంది.

1969లో ఇంగ్లండులో కొందరు అభిమానులు వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ అనే పేరుతో ప్రాచీన యుద్ధాలకు నియమాలు వెలువరించి, పీఠాల కొలతలకు ఒక ఒరవడి పెట్టారు. 25 మిల్లీమీటర్ల బొమ్మలకు 60 మిల్లీమీటర్ల ముఖభాగం అన్నది అట్లా స్థిరపడింది. వారే 1990లో ప్రకటించిన మరొక చిన్న ఆటలో సేన అంతా పన్నెండు పీఠాలకు కుదిరింది. ముఖభాగం అదే ఉండడంవల్ల పాత సేనలు చాలావరకు బతికిపోయాయి. కల్పిత లోకపు యుద్ధాలాడేవారికి ఆ భాగ్యం దక్కలేదు. వార్‌హామర్ అనే ప్రసిద్ధ క్రీడలో మూడు దశాబ్దాలపాటు పటాలాలు చతురస్రపు పీఠాలమీద నిలిచాయి. 2015లో ఆ ఆట స్థానంలో వచ్చిన కొత్త ఆటకు గుండ్రని పీఠాలు కావలసివచ్చాయి. వేలకొద్దీ బొమ్మలను కత్తిమొనతో పెకలించి, గుండ్రని పీఠాలకు మార్చుకున్నవారున్నారు. 2024లో పాత తరహా ఆట కొత్త రూపంలో తిరిగివచ్చింది; మళ్లీ చతురస్రాలే, అయితే మునుపు 20 మిల్లీమీటర్లున్న సామాన్య భటుడి పీఠం ఇప్పుడు 25 మిల్లీమీటర్లయింది. పీఠాన్ని ముందు అతికి, ఇసుకతోసహా బొమ్మకు గట్టిగా రంగు పట్టించినవాడికి ఈ పెకలింపులో చీలమండలు విరిగాయి. బూట్ల రంగు పీఠంతోపాటు లేచిపోయింది. రంగు ముందు వేసి, వార్నిషు పూసి, పీఠానికి నీటితో నానే తెల్లజిగురు మాత్రం వాడినవాడు గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో సేనను ఒక పూట నిలిపి, మెల్లగా ఊడదీసుకున్నాడు.

బొమ్మ నిలిచేచోటు తగవుకు మూలం కావడం ఆటలకే పరిమితం కాదు. విలియం సైబోర్న్ అనే ఆంగ్ల సైనికాధికారి 1830లో వాటర్లూ యుద్ధానికి ఒక నమూనా తయారుచేసే పని చేపట్టాడు. యుద్ధభూమిలోని ఒక పొలపు ఇంట నెలల తరబడి ఉండి, నేల ఎత్తుపల్లాలు కొలిచాడు. యుద్ధంలో పాల్గొని మిగిలిన అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంకాలం ఏడు గంటలవేళ ఎవరి దళం ఎక్కడ నిలిచిందో అడిగి తెలుసుకున్నాడు. డెబ్బైవేలకు పైగా చిట్టిసిపాయిలతో 1838లో దాన్ని లండనులో ప్రదర్శిస్తే జనం విరగబడి చూశారు. సైబోర్న్‌కు మాత్రం అప్పులే మిగిలాయి. ప్రష్యన్ సేనలను అతడు ఆ గంటకు అంత ముందుకు తెచ్చి నిలపడం, విజయకీర్తిలో వారికి పెద్దవాటా ఇచ్చినట్లయి, వెల్లింగ్టన్ ప్రభువు పక్షానికి రుచించలేదు. కాలక్రమంలో ప్రష్యన్ బొమ్మలలో పెద్దభాగం ఆ నమూనానుంచి తొలగిపోయింది. అతడు 1849లో మరణించాడు. నమూనా ఇప్పటికీ లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉంది. చొక్కాల రంగును గురించి అతనితో పేచీ పెట్టుకున్నవారి మాట వినబడదు; పేచీ అంతా నిలిపిన చోటును గురించే.

కనుక వరుసగట్టి పోరాడే పటాలాలకు రంగే ముందు. విడివిడిగా, ఒక్కొక్క గుండ్రని పీఠంమీద తిరుగాడే సైనికులకు మాత్రం పీఠమే ముందు ఉండనివ్వవచ్చు. అక్కడ కుంచెకు అడ్డొచ్చే పక్కవాడు లేడు, పీఠమే పిడిగా ఉపయోగపడుతుంది. గుర్రపురౌతుకు రెండూ చాలవు: గుర్రాన్ని వేరుగా, రౌతును వేరుగా వేసుకోవాలి. డాళ్లు కూడా అంతే.

దక్షిణాసియాలో ఈ తీర్పుకు ఒక సాక్ష్యం ఉంది. శ్రీలంకలో విదేశీ అభిమానులకోసం యుద్ధక్రీడా బొమ్మలకు రంగులు వేసి పంపే పనివారున్నారు. పాశ్చాత్య దేశాలనుంచి వట్టి లోహం సముద్రం దాటి వస్తుంది. ఎర్రచొక్కాలు, నీలిచొక్కాలు తొడుక్కొని తిరిగి వెళుతుంది. తెప్పించుకున్నవారిలో చాలామంది రంగు మాత్రం వేయించుకొని, పీఠాలు తమ యింట తామే అమర్చుకుంటారు. తమ మిగతా సేన నిలిచిన మట్టి రంగు, గడ్డి పొడవు పరాయివాడికి ఎట్లా తెలుస్తాయి?

పనిలో రెండు జాగ్రత్తలు చెప్పి ఊరుకోవచ్చు. పాత బొమ్మలలో సీసం పాలు ఎక్కువ. కుంచెమొన సన్నబడడానికి పెదవులతో తడిచేసుకునే అలవాటు చిత్రకారులలో ఉంది. సీసపు బొమ్మ తాకిన కుంచెతో ఆ పని కూడదు, పని ముగిశాక చేతులు కడగనిదే అన్నం ముట్టకూడదు. రెండవది, రంగు వేసిన బొమ్మకు క్షణంలో అతికే సూపర్‌గ్లూ వాడితే దాని ఆవిరి తగిలి వార్నిషుమీద తెల్లని పొగమంచువంటి మరక తేలుతుంది. తెల్లజిగురుకే ఓపిక పట్టాలి. పాదాల అడుగున అంటిన రంగును కత్తితో గీకి, లోహం కనబడిన తరువాత చిన్న బొట్టు పెట్టి నిలపాలి. గడ్డి నూగు అన్నిటికంటె చివర, వార్నిషు కూడా ఆరిన తరువాత అతకాలి. లేకుంటే వార్నిషు పడి గడ్డి పేలగొట్టినట్లు గట్టిపడుతుంది.

వంటగది బల్లముందున్న పెద్దమనిషి చివరకు రంగుసీసా మూత తీశాడు. జిగురుసీసాను అలమరలో పెట్టాడు. దానితో ఆయనకు పని రెండు నెలల తరువాత. అది ఆరడానికి మరొక రాత్రి.